ఇంటి ప్రొజెక్టరు రూపాన్ని గీసేది వేడిగాలే

ప్రొజెక్టరు అనగానే చాలామంది మనసులో మెదిలేది ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. బల్లపరుపుగా ఉంటుంది, ఒక మూల లెన్సు, పక్కల చీలికల జాలీ. ఆఫీసు మీటింగు గదుల్లోనూ కాలేజీ సెమినార్ హాళ్ళలోనూ ఏళ్ళ తరబడి కనిపించింది అదే. ఆ ఆకారాన్ని నిర్ణయించింది లోపలి దీపం.

1995లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన యూహెచ్‌పీ పాదరసపు లాంపులో ద్రాక్షపండంత క్వార్ట్జ్ బుడ్డి ఉంటుంది. లోపల పీడనం సుమారు 200 బార్లు, అంటే బయటి గాలి పీడనానికి దాదాపు రెండు వందల రెట్లు. వేడి పైకే ఎగబాకుతుంది కాబట్టి బుడ్డి పైభాగం కిందిభాగం కన్నా ఎక్కువ కాగుతుంది. ఎక్కడ ఎంత కాగుతుందో లెక్కగట్టి, అక్కడికి గాలి తగిలేలా ఫ్యాను పెడతారు. డబ్బాను పక్కకు ఒరిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. క్వార్ట్జ్ తెల్లబారుతుంది, వెలుగు తగ్గుతుంది, చివరికి బుడ్డి పగలవచ్చు. అందుకే తలకిందులుగా పైకప్పుకు బిగించడానికి ఒప్పుకున్న కంపెనీలు కూడా పక్కకు ఇన్ని డిగ్రీలకు మించి వంచవద్దని మాన్యువల్‌లో రాసేవి. మూడు నాలుగు వేల గంటలకు ఒకసారి లాంపు మార్చాలి. దానికో మూత, మూతకో స్క్రూ, స్క్రూడ్రైవరు తిరిగేంత చోటు కావాలి. ఇన్ని షరతుల మధ్య డిజైనరు చేతికి మిగిలింది మూలలను గుండ్రంగా చేయడమే.

ఎల్‌ఈడీ, లేజర్లకు ఈ పట్టింపులు లేవు. ఎటు తిప్పినా వెలుగుతాయి. చాలా లేజర్ మోడళ్ళకు కంపెనీలు చెప్పే ఆయుష్షు 20,000 గంటలు, అంటే రోజుకు నాలుగు గంటల చొప్పున పదమూడేళ్ళ పైమాట. మూత అవసరం పోయింది, ఎటు తిప్పాలన్న షరతు పోయింది. ఆకారం గురించి మొదటిసారి స్వేచ్ఛగా ఆలోచించే వీలు దొరికింది. 2022లో వచ్చిన శాంసంగ్ ఫ్రీస్టైల్ ఒక గొట్టం. బరువు 830 గ్రాములు. తొట్టిలాంటి స్టాండులో కూర్చుని 180 డిగ్రీలు తిరుగుతుంది, గోడ మీద వేసిన బొమ్మను అలాగే పైకెత్తి సీలింగు మీద వేయవచ్చు. లాంపు కాలంలో ఈ కదలికను కలలో కూడా అనుకునేవారు కారు. ఎల్‌జీ సినీబీమ్ క్యూ ఇంకో దారి పట్టింది. సుమారు కిలోన్నర బరువు, 8 సెంటీమీటర్ల మందం, ఎత్తూ లోతూ 13.5 సెంటీమీటర్ల చొప్పున. దాని లోహపు పిడి 360 డిగ్రీలు తిరుగుతుంది. మోసేటప్పుడు అది పిడి, కింద ఆనించితే స్టాండు. ఒకే భాగం రెండు పనులు చేస్తూ వస్తువుకు గుర్తింపునూ ఇస్తోంది. ఇటీవలి ఇంటి ప్రొజెక్టర్లలో ఇంత నిజాయితీ ఉన్న డిజైను అరుదు.

చిన్న ప్రొజెక్టర్లు బొమ్మల్లా ముద్దుగా ఉండటానికి కారణం ఫ్యాషన్ ఒక్కటే కాదు. వీటిలో చాలావాటికి జూమ్ ఉండదు. లెన్సు నుంచి తెరకు దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకెను త్రో నిష్పత్తి అంటారు. ఈ తరహా వాటిలో అది సాధారణంగా 1.2 దగ్గర స్థిరంగా ఉంటుంది. 100 అంగుళాల బొమ్మ వెడల్పు 2.21 మీటర్లు. కాబట్టి లెన్సు గోడకు 2.65 మీటర్ల దూరంలో ఉండాలి. పద్నాలుగు అడుగుల హాల్లో వెనక గోడ దగ్గర పెడితే బొమ్మ 147 అంగుళాల దాకా పెరిగి గోడ దాటిపోతుంది. కనుక అది హాలు నడుమ, టీపాయ్ మీదే కూర్చోవాలి. నాలుగు వైపుల నుంచీ కంటికి కనిపించే వస్తువుకు వెనక భాగం అంటూ వేరే ఉండకూడదు. వైర్లు ఎక్కువ ఉండకూడదు. ఫ్యాను చెవి పక్కనే తిరుగుతుంది కాబట్టి చప్పుడు చేయకూడదు. ఫ్రీస్టైల్ కరెంటును యూఎస్‌బీ-సి తీగ ద్వారా, బొమ్మను మైక్రో హెచ్‌డీఎంఐ ద్వారా తీసుకోవడం, చుట్టూ ఒకేలా కనిపించే గొట్టం కావడం ఈ చోటు తెచ్చిన ఫలితాలే.

ఈ అందానికి చెల్లించే మూల్యం రెండు చోట్ల కనబడుతుంది. మొదటిది వెలుగు. సినీబీమ్ క్యూ 500 ఆన్సీ ల్యూమెన్లు ఇస్తుంది, అంటే ఆన్సీ అనే ప్రమాణం ప్రకారం కొలిచిన మొత్తం వెలుగు. 100 అంగుళాల తెర వైశాల్యం 2.76 చదరపు మీటర్లు. 500ను దానితో భాగించి, మళ్ళీ 3.14తో భాగిస్తే మామూలు తెల్ల తెర మీద సుమారు 58 నిట్లు వస్తాయి. తెర ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత నిట్. డిజిటల్ సినిమా హాళ్ళ ప్రమాణం 48 నిట్లు. అంటే పూర్తి చీకట్లో 100 అంగుళాలకు హాయిగా సరిపోతుంది. 120 అంగుళాలకు పెంచితే 40 నిట్లకు పడిపోతుంది. హాల్లో ఒక ట్యూబులైటు వేస్తే ఏ సైజులోనూ నిలబడదు. ప్యాకెట్ మీద ఉట్టి ‘ల్యూమెన్లు’ అని పెద్ద అంకె ఉంటే నమ్మకూడదు. కొలత ప్రమాణం పేరు ఆన్సీ గానీ ఐఎస్‌ఓ 21118 గానీ అని ఉన్న అంకెతోనే ఈ లెక్క వేయాలి.

రెండోది వంకర. చిన్న డబ్బాలో లెన్స్ షిఫ్ట్‌కు, అంటే లెన్సును పైకీ కిందికీ జరిపే యంత్రానికి, చోటుండదు. టీపాయ్ మీద పెట్టి ముక్కు పైకెత్తుతారు, బొమ్మ పైన వెడల్పై కింద సన్నబడుతుంది. 1.2 త్రో ఉన్న లెన్సును 15 డిగ్రీలు ఎత్తితే పై అంచు కింది అంచు కన్నా 13 శాతం వెడల్పవుతుంది. కీస్టోన్ సర్దుబాటు దీన్ని రెండు మూడు సెకన్లలో చదరం చేసి చూపిస్తుంది. చూడటానికి ఇంద్రజాలంలా ఉంటుంది కానీ నిజానికి అది ప్యానెల్‌లోని, అంటే లోపల బొమ్మను తయారుచేసే చిప్పులోని, పిక్సెళ్ళను ఆర్పేయడమే. పై ఉదాహరణలో ప్యానెల్ వైశాల్యంలో సుమారు 14 శాతం, అంటే ఏడోవంతు, వృథా అవుతుంది. ఆరిన పిక్సెళ్ళు పూర్తిగా నల్లబడవు కూడా. బొమ్మ చుట్టూ బూడిదరంగు అంచు చీకటి సీన్లలో తేలుతుంది. ప్రొజెక్టరును ముక్కాలి స్టూలు మీద బొమ్మ నడిఎత్తుకు తెచ్చి, గోడకు ఎదురుగా తిన్నగా పెడితే ఈ నష్టం చాలావరకు పోతుంది. కొన్ని మోడళ్ళ లెన్సు బొమ్మను మొదటి నుంచే కొంచెం పైకి వేస్తుంది, వాటిని ఆ మేరకు కిందికి దించాలి.

పెద్ద ప్రొజెక్టర్ల రూపం దీనికి సరిగ్గా ఎదురు దిక్కున మొదలవుతుంది. ఎప్సన్ ఎల్‌ఎస్12000 లెన్స్ షిఫ్ట్‌తో బొమ్మను నిలువుగా దాని ఎత్తులో 96 శాతం, అడ్డంగా దాని వెడల్పులో 47 శాతం దాకా జరపగలదు. అంత జరిగినా అంచులు మసకబారకుండా ఉండాలంటే లెన్సు వేసే వెలుగు వలయం ప్యానెల్ కన్నా చాలా పెద్దదిగా ఉండాలి. దాంతో గాజు పెరుగుతుంది, గాజుతో బరువు, బరువుతో చట్రం. 52 సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు కిలోలు దాటిన ఒళ్ళు అలా వచ్చాయి. ఈ తరగతిలో లెన్సు నడిమధ్యకు చేరడం కూడా చూపు కోసమే కాదు. మూలన లెన్సు ఉన్న డబ్బాను తెర నడుమకు సరిపెట్టాలంటే బ్రాకెట్టును ఆ మేరకు పక్కకు జరపాలి. మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: డబ్బా మధ్యను కొలిచి రంధ్రాలు వేస్తారు, బొమ్మ పది పన్నెండు సెంటీమీటర్లు పక్కకు పడుతుంది, ఆనక కీస్టోన్‌తో సర్దుకుంటారు. తెర నడుమ నుంచి గదిలోకి తాడు లాగి, లెన్సు మధ్యను ఆ తాడు కిందికి తెచ్చాకే బ్రాకెట్టు చోటు గుర్తు పెట్టాలి.

గాలి దారి

జేవీసీ డీఎల్‌ఏ-ఎన్‌జెడ్ వరుస ముఖం చూస్తే నడుమ పెద్ద కన్ను, అటూ ఇటూ రెండు ముక్కుపుటాలు. చల్లగాలి వెనక నుంచి లోనికి వస్తుంది, వేడిగాలి లెన్సుకు రెండు పక్కల ముందుకు పోతుంది. వేడిగాలి వెలుగు పుంజానికి అడ్డం వస్తే తారు రోడ్డు మీద ఎండమావిలా బొమ్మ వణుకుతుంది. అందుకే ఆ ద్వారాలను లెన్సుకు దూరంగా, బయటి వైపు తిరిగేలా మలచారు. సమరూపం అలంకారంగా కనిపిస్తుంది గానీ మూలం గాలి లెక్కలో ఉంది. వెనక గోడ షెల్ఫు మీద పెట్టాలనుకునేవారికి ఇలా ముందుకు ఊదే ప్రొజెక్టరే నప్పుతుంది, వెనక పీల్చుకోవడానికి 20 సెంటీమీటర్లయినా వదలాలి. పక్కకు ఊదే రకాన్ని షెల్ఫులో ఇరికిస్తే తాను ఊదిన వేడిని తానే పీలుస్తుంది.

ఎంత గాలి కావాలో అంకెల్లో చూస్తే ఈ సంగతి తీవ్రత తెలుస్తుంది. 300 వాట్లు తీసుకునే ప్రొజెక్టరు చివరకు గదికి ఇచ్చేది 300 వాట్ల వేడే, తెర మీది వెలుగు కూడా ఆఖరికి వేడే అవుతుంది. లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలంటే గంటకు సుమారు 90 ఘనపు మీటర్ల గాలి కదలాలి. ఇప్పుడు ఫాల్స్ సీలింగులో ప్రొజెక్టరు కోసం కట్టే గూడును తీసుకోండి. 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు. అందులో పట్టే గాలి 0.108 ఘనపు మీటర్లు. అది సుమారు 4.3 సెకన్లకోసారి పూర్తిగా మారాలి. ముందు లెన్సుకు చిన్న కిటికీ వదిలి మిగతాదంతా జిప్సం బోర్డుతో మూసే ఇంటీరియర్ పని ఎంత శుభ్రంగా కనిపించినా ప్రొజెక్టరుకు పొయ్యే. గూడు కట్టక తప్పదనుకుంటే గాలి రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి, ఒక్కోటి కనీసం 250 చదరపు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, అంటే 50 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల చీలిక. దానికి జాలీ బిగిస్తే జాలీ కమ్మీలు మింగే చోటును కలుపుకుని ఇంకా పెద్దది కోయాలి. రెండు చీలికలూ ఎదురెదురు గోడల్లో ఉండాలి, పక్కపక్కన కాదు.

తెలుగు నాట ఇది మరీ ముఖ్యం. ఇంటి ప్రొజెక్టర్లలో ఎక్కువ భాగం 35 డిగ్రీల గది ఉష్ణోగ్రత దాకా పనిచేసేలా తయారవుతాయి, కొన్ని 40 దాకా. మే నెలలో రామగుండంలో, విజయవాడలో బయట 42 దాటే రోజులుంటాయి. ఏసీ నడుస్తున్నా సీలింగు దగ్గరి గాలి సోఫా దగ్గరి గాలి కన్నా వేడిగా ఉంటుంది, మేడ పై అంతస్తులో స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. ప్రొజెక్టరు ముందు ఫ్యాన్ల వేగం పెంచుతుంది, తర్వాత వెలుగు తగ్గిస్తుంది, ఆఖరికి ఎర్ర దీపం వెలిగించి ఆగిపోతుంది. చాలామంది దీన్ని మిషన్ లోపం అనుకుని సర్వీసుకు పంపుతారు.

చప్పుడు విషయంలోనూ ఆకారానిదే పైచేయి. ఫ్యాను వేగం సగానికి తగ్గితే దాని శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది. వేగం తగ్గించి కూడా అంతే గాలి కావాలంటే రెక్కలు పెద్దవి కావాలి. పెద్ద రెక్కకు పెద్ద డబ్బా కావాలి. చిన్నదిగా, నిశ్శబ్దంగా, వెలుగు ఎక్కువగా ఉండే ప్రొజెక్టరు కావాలని అడిగితే ఆ మూడింటిలో రెండే దొరుకుతాయి. అందుకే కొనేటప్పుడు పూర్తి వెలుగులో నడిచేటప్పటి డెసిబెళ్ళ అంకెను అడగాలి. ప్రకటనల్లో ఎక్కువగా వేసేది ఎకో మోడ్ అంకె, అంటే వెలుగు తగ్గించి నడిపేటప్పటిది.

రంగు, పైపూత

తెల్ల సీలింగుకు తెల్ల ప్రొజెక్టరు, చీకటి గదికి నల్లది. ఎప్సన్ ఎల్‌ఎస్12000ను నలుపులో, దాని తమ్ముడు ఎల్‌ఎస్11000ను తెలుపులో అమ్మడం వెనక ఉన్న ఆలోచన ఇదే: ఒకటి ప్రత్యేకంగా కట్టుకున్న సినిమా గదికి, ఇంకొకటి మామూలు హాలుకు. పైపూత మ్యాట్‌గా ఉండాలి. మెరిసే నలుపు షోరూములో బాగుంటుంది, ఇంట్లో వారానికే దుమ్మూ వేలిముద్రలూ చూపిస్తుంది, తెర మీది వెలుగును తిరిగి చూసేవారి కళ్ళలో పడేస్తుంది. నీలం రంగు పవర్ దీపాలు మరీ చెడ్డవి. చీకటికి అలవాటుపడిన కంటికి నీలం చుక్క చాలా ప్రకాశంగా తోస్తుంది. మంచి మోడళ్ళలో మెనూలో ఆ దీపాన్ని ఆర్పే ఏర్పాటుంటుంది, లేకపోతే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క చాలు, రిమోట్ సెన్సారు మీద మాత్రం పడకూడదు.

ఫర్నిచర్‌లో కలిసిపోవాలన్న ఆశ

ఇది కొత్త ఆశేమీ కాదు. 1972లో హెన్రీ క్లాస్ అమెరికాలో తెచ్చిన అడ్వెంట్ వీడియోబీమ్ 1000లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ట్యూబులు మూడూ ఒక పెట్టెలో ఇమిడి తెర ముందు హాలు నడుమ కూర్చునేవి. దాన్ని గోడ వైపు నెట్టడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2014 జనవరిలో సోనీ చూపిన 4కే అల్ట్రా షార్ట్ త్రో (గోడకు అతి దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే) ప్రొజెక్టరు గోడకు ఆనుకున్న పొడవాటి అల్మరాలా ఉండి 147 అంగుళాల బొమ్మ వేసేది. పక్కన అదే వరుసలో స్పీకరు పెట్టెలు, సామాను అరలు. ధర 30,000 నుంచి 40,000 డాలర్లని చెప్పారు. శాంసంగ్ 2020లో ద ప్రీమియర్‌ను ఒకే పెట్టెగా కుదించి, ముందు భాగానికి డెన్మార్క్‌కు చెందిన క్వాడ్రాట్ వారి బట్ట తొడిగింది. బట్ట ఉన్నది స్పీకర్ల ముందు, శబ్దం దాటుతుంది, యంత్రం కనపడదు. అదే బట్టను గాలి ద్వారాల మీద కప్పితే నెలల్లో దుమ్ము పేరుకుంటుంది. ఇంట్లో ప్రొజెక్టరు మీద లేసు గుడ్డలు, క్రోషా కవర్లు పరిచేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది.

ఈ అల్ట్రా షార్ట్ త్రో రకం కాగితం మీద అందంగా కుదురుతుంది, ఇంట్లో మూడు చోట్ల చిక్కుపడుతుంది. టీవీ యూనిట్ లోతు మొదటిది. త్రో 0.25 ఉన్న మోడల్ 100 అంగుళాలకు, వెలుగును గోడ మీదికి మళ్ళించే అద్దం నుంచి గోడకు 55 సెంటీమీటర్లు అడుగుతుంది, శరీరం ముందు అంచు 60 దాటుతుంది. మన ఇళ్ళలో టీవీ యూనిట్లు 40, 45 సెంటీమీటర్ల లోతునే కడతారు. కార్పెంటరుకు ముందే చెప్పి పైపలకను ముందుకు పెంచాలి, లేదా చానెళ్ళ మీద బయటికి జరిగే ట్రే చేయించాలి. ఒక్క సెంటీమీటరు జరిగితే బొమ్మ వెడల్పు 4 సెంటీమీటర్లు మారుతుంది కనుక ఆ ట్రేకు గట్టి లాకు ఉండి తీరాలి.

రెండోది గోడ. వెలుగు కింద నుంచి ఏటవాలుగా గీసుకుంటూ పైకి పోతుంది. పై అంచు దగ్గర ప్లాస్టరింగు 2 మిల్లీమీటర్లు ఉబ్బి ఉంటే గీత దాదాపు 6 మిల్లీమీటర్లు వంగుతుంది. నేరుగా గోడ మీద వేసి చూసినవారికి క్రికెట్ స్కోరు పట్టీ అలలుగా కనిపించడం దీనివల్లే. బిగుతు చట్రం ఉన్న తెర తప్పనిసరి. పైనుంచి దిగే చవక చుట్టుడు తెర సీలింగు ఫ్యాను గాలికి ఊగుతుంది, ఆ ఊపు కూడా ఇలాగే మూడింతలై కనబడుతుంది. ఈ ప్రొజెక్టర్ల కోసం సన్నటి గాడులతో చేసిన ప్రత్యేక తెరలు పైనుంచి పడే లైటును మింగి, కింద నుంచి వచ్చేదాన్ని ముందుకు పంపుతాయి. వాటిని తలకిందులుగా బిగిస్తే బొమ్మ మసకబారిపోతుంది, వెనక ఉన్న బాణం గుర్తు చూసి బిగించాలి.

మూడోది పైకి నోరు తెరిచిన అద్దపు గుంట. దుమ్ము, అగరుబత్తి పొగ, వంటింటి నూనె ఆవిరి అన్నీ దాని గాజు మీదే దిగుతాయి. ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఊదకుండా తుడిస్తే ఇసుక రేణువు గాజును గీస్తుంది. పూజగది పక్కనే ఉన్న హాలయితే దీన్ని నెలకోసారి చేయాలి.

సీలింగు ఫ్యాను సంగతి దూరం నుంచి వేసే ప్రొజెక్టర్లకూ పెద్దదే. రెక్క వెలుగును కోస్తే బొమ్మ రెపరెపలాడుతుంది. లెన్సు చోటు నుంచి తెర పై మూలలు రెంటికీ దారం కట్టి చూడాలి. 1200 మిల్లీమీటర్ల ఫ్యాను తిరిగే వలయం ఆ దారాలను తాకకూడదు. తాకితే ప్రొజెక్టరును పొడవాటి రాడ్డుతో కిందికి దించుతుంటారు, హాలు నడుమ ఉరివేసినట్టు వేలాడే ఆ రాడ్డు అన్నిటికన్నా వికారం, ఫ్యాను అదురుకు బొమ్మ కూడా అదురుతుంది. లెన్స్ షిఫ్ట్ ఉన్న మోడల్‌ను వెనక గోడ షెల్ఫు మీద పెట్టుకోవడం మేలు.

వైర్ల దారిని గోడలు కట్టేటప్పుడే తేల్చుకోవాలి. మామూలు రాగి హెచ్‌డీఎంఐ తీగ 4కే హెచ్‌డీఆర్‌కు ఐదు మీటర్ల దాకా నమ్మదగ్గది, అంతకు మించితే ఆప్టికల్ రకం కావాలి. దానికి ఒక దిశ ఉంటుంది, ఒక కొన మీద ప్లేయరు వైపనీ రెండో కొన మీద తెర వైపనీ గుర్తుంటుంది. గోడలో తిరగేసి పెట్టి ప్లాస్టరింగు చేసేస్తే మళ్ళీ పగలగొట్టాల్సిందే. హెచ్‌డీఎంఐ తల రెండు సెంటీమీటర్ల వెడల్పు దాటుతుంది కాబట్టి కరెంటు పనికి వేసే 20 మిల్లీమీటర్ల పైపులో అది దూరదు. 40 మిల్లీమీటర్ల పైపు వేసి, వంపుల దగ్గర గుండ్రంగా తిప్పే బెండ్లు వాడి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయాలి.

కొనడానికి ముందు చేయదగ్గ పని ఒకటుంది, ఖర్చు ఏమీ లేదు. ఎంచుకున్న మోడల్ కొలతలకు అట్టపెట్టె కోసి, తీగలు వంగడానికి వెనక మరో 10 సెంటీమీటర్లు కలిపి, అనుకున్న చోటనే రెండు రోజులు ఉంచాలి. పగలు కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి లైట్లు తీసేసి ఒకసారి చూడాలి. ఫ్యాను వేయాలి, తలుపు తీయాలి, పొడుగు మనిషిని దాని కింద నుంచి నడిపించాలి. అట్టపెట్టె అడ్డమనిపించిన చోట ప్రొజెక్టరు ఇంకా అడ్డం. అది వేడి కూడా ఊదుతుంది.